గుండెపోటు అనుమానం: ఒక్క ఈసీజీతో తేలేది కాదు

ఛాతీ నొప్పి, ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష, గడ్డను కరిగించే ఇంజెక్షన్, స్టెంటు తర్వాత వాడే మందులు... గుండె జబ్బుల మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకదానితో మరొకదానికి సంబంధం ఉన్నవాటిని ఏరి, ఈసారి ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం.

ప్ర: మా నాన్నగారికి 58 ఏళ్లు. బీపీ ఉంది, సిగరెట్లు తాగుతారు. ఒకరోజు తెల్లవారుజామున ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుందని, చెమటలు పడుతున్నాయని చెబితే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడికి చేరేసరికి నొప్పి తగ్గిపోయింది. ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు, గ్యాస్ అయి ఉంటుందని మందులిచ్చి పంపేశారు. మర్నాడు నొప్పి మళ్లీ వస్తే వేరే ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ కూడా ఈసీజీలో పెద్ద తేడా లేదన్నారు గానీ, రక్తపరీక్షలో ట్రోపోనిన్ బాగా పెరిగిందని, అది గుండెపోటేనని చెప్పి స్టెంటు వేశారు. మొదటి ఈసీజీ సరిగా తీయలేదా? ఒక్క రోజులో రక్తనాళం పూడిపోతుందా?

జ: మొదటి ఈసీజీ సరిగానే తీసి ఉంటారు. తొందరపాటు జరిగింది ఆ ఒక్క కాగితాన్ని నమ్ముకుని ఇంటికి పంపడంలో. మామూలుగా తీసే ఈసీజీ సుమారు పది సెకన్ల పాటు గుండెలోని విద్యుత్ చలనాన్ని నమోదు చేస్తుంది. అంతకు గంట ముందు ఏం జరిగిందో, మరో గంటకు ఏం జరగబోతోందో అది చెప్పలేదు. నొప్పి తగ్గాక తీసిన ఈసీజీ బాగుంటే, ఆ క్షణాన గుండె కండరానికి రక్తం అందుతోందని మాత్రమే అర్థం. అందుకే ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలని, నొప్పి కొనసాగినా తిరిగి వచ్చినా, లేదా వైద్యుడి అనుమానం తీరకపోయినా మొదటి గంటలో పావుగంటకో అరగంటకో మళ్లీ మళ్లీ తీయాలని నియమం ఉంది. పాత ఈసీజీ ఇంట్లో ఉంటే వెంట తీసుకువెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కొత్తగా వచ్చిన చిన్న మార్పు కూడా పట్టుబడుతుంది.

ఈసీజీకి ఇంకో పరిమితి కూడా ఉంది. గుండె వెనుక గోడకు రక్తం అందించే నాళం పూర్తిగా మూసుకుపోయినా, ఛాతీ ముందు భాగంలో అతికించే తీగలకు అది నేరుగా కనిపించకపోవచ్చు. అలాంటి అనుమానం ఉన్నప్పుడు ఎడమ వీపు మీద, గుండె కింది గోడ దెబ్బతిన్నట్టు కనిపించినప్పుడు ఛాతీ కుడివైపు కూడా తీగలు పెట్టి చూడాలి. ఇది రెండు నిమిషాల పని, అయినా హడావుడిలో వదిలేసే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇక ట్రోపోనిన్ సంగతి. ఇది గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది, అయితే పరీక్షకు అందేటంతగా చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చిన మనిషికి ఒక్కసారి చేసిన ట్రోపోనిన్ సాధారణంగా ఉందంటే దాన్ని క్లీన్ చిట్‌గా తీసుకోకూడదు. ఎక్కువ సున్నితమైన కొత్తరకం పరీక్ష ఉన్నచోట ఒకటి నుంచి మూడు గంటల వ్యవధిలో, పాతరకం పరీక్ష అయితే ఆరు గంటల దాకా ఆగి రెండోసారి చేస్తారు. రెండు అంకెల మధ్య తేడా ఎంత, అది పెరుగుతోందా తరుగుతోందా అన్నదే ఇక్కడ అసలు సమాచారం. ఒకసారి పెరిగిన ట్రోపోనిన్ వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు రక్తంలో ఉంటుంది కాబట్టి, మీ నాన్నగారికి మర్నాడు చేసిన పరీక్షలో అది దొరికింది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, రక్తనాళాన్ని పైపులాగా, కొవ్వును అందులో ఏళ్ల తరబడి పేరుకుని చివరికి దారి మూసేసే తుప్పులాగా చాలామంది ఊహించుకుంటారు. గుండెపోటు సాధారణంగా అలా రాదు. నాళం గోడలో కొవ్వు నిండిన మెత్తని గడ్డ మీద పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొర చిట్లినా, పైపైన ఒరుసుకుపోయినా, అక్కడ గాయమైనట్టు భావించి ప్లేట్‌లెట్లు పరుగున చేరి నిమిషాల్లో రక్తపు గడ్డను కడతాయి. అంతవరకు నాళాన్ని సగం కూడా మూయని చోట, అంటే ట్రెడ్‌మిల్ పరీక్షలో బయటపడని చోట కూడా ఇలా జరగవచ్చు. పైగా ఆ రక్తపు గడ్డ స్థిరంగా ఉండదు; పెరుగుతుంది, కొంత కరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది. నొప్పి వచ్చి, పోయి, మర్నాడు తిరిగి రావడానికి కారణం అదే.

రక్తపు గడ్డ దారిని కొంతవరకే అడ్డుకుని, కండరం చనిపోకుండా నొప్పి మాత్రమే వస్తే అన్‌స్టేబుల్ యాంజైనా అంటారు. కండరం కొంత దెబ్బతిని ట్రోపోనిన్ పెరిగినా, ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేవకపోతే ఎన్‌స్టెమీ. నాళం పూర్తిగా మూసుకుని ఎస్‌టీ భాగం పైకి లేస్తే స్టెమీ. ఈ మూడింటినీ కలిపి అక్యూట్ కరోనరీ సిండ్రోమ్ అంటున్నాం. మూడింటికీ మూలం ఒకటే, ఒకటి గంటల వ్యవధిలో మరొకటిగా మారగలదు.

గ్యాస్ గురించి ఒక మాట. గ్యాస్ మందు తాగగానే తగ్గింది కాబట్టి గుండె నొప్పి కాదని, నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రతో తగ్గింది కాబట్టి గుండె నొప్పేనని తేల్చడం, రెండూ తప్పే. అన్నవాహికలో వచ్చే కండరాల బిగింపు కూడా నాలుక కింద మాత్రకు తగ్గుతుంది. 58 ఏళ్ల వయసు, బీపీ, పొగ తాగడం, ఛాతీ మధ్యలో బరువు, చెమటలు... యంత్రం ఏం చెప్పినా ఈ కథనానికి దానంతట దానికే విలువ ఉంది. నా అభిప్రాయంలో ఈ మనిషిని రెండో ట్రోపోనిన్ ఫలితం వచ్చేదాకా కదలనివ్వకూడదు.

ప్ర: మా వారికి 49 ఏళ్లు. గుండెపోటని ఐసీయూలో చేర్చుకున్నారు, ఎన్‌స్టెమీ అని రాశారు. అదేరోజు పక్క మంచం మీదికి వచ్చిన పెద్దాయనకు వచ్చీరాగానే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మా వారికి మాత్రం పొట్టలో ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చి మర్నాడు యాంజియోగ్రామ్ చేశారు. ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదని అడిగితే అవసరం లేదన్నారు. నిర్లక్ష్యం చేశారేమోనన్న బాధ ఇంకా పోలేదు.

జ: నిర్లక్ష్యం కాదమ్మా, మీ వారికి ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటేనే తప్పు.

పక్క మంచం ఆయనకు వచ్చింది స్టెమీ. నాళం పూర్తిగా మూసుకున్నప్పుడు, గుండె గోడ లోపలి పొర నుంచి బయటి పొర వైపుగా కండరం గంట గంటకూ చనిపోతూ ఉంటుంది కాబట్టి, దారి తెరవడం ఒక్కటే వైద్యం. అందుకు రెండు మార్గాలున్నాయి. రోగ నిర్ధారణ జరిగినప్పటి నుంచి రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రామ్ చేసే గదిలో, నాళంలోకి తీగ పంపి బెలూన్‌తో తెరిచి స్టెంటు వేయగలిగితే అదే మేలైన మార్గం. ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే రోగి నేరుగా వస్తే ఈ పని గంట, గంటన్నరలో అయిపోవాలి. అంత త్వరగా వీలుపడదని తెలిసినప్పుడు, నొప్పి మొదలై పన్నెండు గంటలు దాటకపోతే, అక్కడికక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే టెనెక్టెప్లేస్‌ను మనిషి బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఒకేసారి నరంలోకి ఇస్తారు. 75 ఏళ్లు దాటినవారికి సగం మోతాదు చాలు. మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడు దీని ఫలితం చాలా బాగుంటుంది, ఆ తర్వాత గడ్డ గట్టిపడేకొద్దీ తగ్గిపోతూ వస్తుంది.

ఇంజెక్షన్ ఇచ్చాక పని అయిపోయిందని అనుకోకూడదు. గంట, గంటన్నర తర్వాత మళ్లీ ఈసీజీ తీసి, పైకి లేచిన ఎస్‌టీ భాగం కనీసం సగమైనా కిందికి దిగిందా అని చూడాలి. దిగకపోతే వెంటనే క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోటికి తరలించాలి. దిగినా సరే, రెండు గంటల నుంచి ఒక రోజు లోపు యాంజియోగ్రామ్ చేయించాలి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది గదా అని ఇంటికి తీసుకుపోయే కుటుంబాలు ఉన్నాయి, వారి కోసం ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

మరి ఎన్‌స్టెమీలో ఎందుకు ఇవ్వరు? అక్కడ చాలామందిలో నాళం పూర్తిగా మూసుకుపోదు, గడ్డలో ప్లేట్‌లెట్ల వాటా ఎక్కువ. ఈ ఇంజెక్షన్ కరిగించేది గడ్డలోని ఫైబ్రిన్ పోగులను. ప్లేట్‌లెట్లను అది ఆపకపోగా కొంత రెచ్చగొడుతుంది కూడా. ఎన్‌స్టెమీ రోగుల మీద జరిపిన పరీక్షల్లో దానివల్ల మేలు కనబడలేదు, రక్తస్రావం ముప్పు మాత్రం మిగిలింది. స్టెమీలో కూడా ఇది తీసుకున్న నూరుమందిలో దాదాపు ఒకరికి మెదడులో రక్తస్రావం అయ్యే అవకాశం ఉంది. పోయే ప్రాణాన్ని నిలబెట్టేటప్పుడు ఆ ముప్పును భరిస్తాం, ప్రయోజనం లేనిచోట భరించడానికి కారణం లేదు.

మీ వారికి ఇచ్చిన మందుల్లో ఆస్పిరిన్ ఒకటి. దాన్ని చిన్నచూపు చూడకండి. 1988లో వెలువడిన ఐసిస్-2 అనే పరిశోధనలో, గుండెపోటు అనుమానించిన 17,187 మందిలో ఆస్పిరిన్ ఒక్కటే అయిదు వారాల మరణాలను సుమారు 23 శాతం తగ్గించింది. ఆనాటి గడ్డ కరిగించే మందు స్ట్రెప్టోకైనేస్ 25 శాతం, రెండూ కలిస్తే 42 శాతం తగ్గించాయి. ఆస్పిరిన్‌కు తోడు ప్లేట్‌లెట్లను ఆపే రెండో మాత్ర, అంటే క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లలో ఒకటి, రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద ఇచ్చే ఎనాక్సాపారిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. తర్వాత యాంజియోగ్రామ్ ఎంత త్వరగా చేయాలన్నది రోగి పరిస్థితిని బట్టి ఉంటుంది: మందులిచ్చినా నొప్పి తగ్గకపోయినా, బీపీ పడిపోయినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, ప్రమాదకరంగా లయ తప్పినా రెండు గంటల్లోపు, ట్రోపోనిన్ పెరిగి ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మామూలుగా ఒక రోజు లోపు. మీ వారికి జరిగింది ఈ రెండో పద్ధతే. ఆ రాత్రి ఆయనకు నొప్పి మళ్లీ వచ్చి, సిస్టర్‌ను నిద్ర లేపడమెందుకని ఓర్చుకుని ఉంటే మాత్రం అది పొరపాటు అయ్యేది. ఐసీయూలో ఉన్నవారు చిన్న నొప్పి వచ్చినా చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ ఒక్క మాటతో మర్నాటి యాంజియోగ్రామ్ అప్పటికప్పుడు చేయవలసినదవుతుంది.

ప్ర: అమ్మకు 67 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా షుగరు. మొన్న రాత్రి ఉన్నట్టుండి ఆయాసం, వాంతి, ఒళ్లంతా చెమటలు. ఛాతీలో నొప్పి అసలు లేదంది. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగరు 190 ఉంది. ఆసుపత్రికి వెళ్లేసరికి గుండెపోటు అన్నారు. నొప్పి లేకుండా గుండెపోటు వస్తుందా?

జ: వస్తుంది. చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో గుండె నుంచి నొప్పిని మోసుకువెళ్లే నరాలు మొద్దుబారతాయి. వయసు పైబడినవారిలో, స్త్రీలలో కూడా ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, చెప్పలేనంత నీరసం, దవడలోనో వీపులోనో పట్టేసినట్టు ఉండడం వంటివే ముందుకు రావచ్చు. అయితే స్త్రీలలో కూడా ఎక్కువమందికి ఛాతీ నొప్పే ప్రధాన లక్షణమన్న సంగతి మరవకూడదు. స్త్రీలకు గుండెపోటు వేరుగా వస్తుందన్న ప్రచారం వల్ల, ఛాతీ నొప్పి అని స్పష్టంగా చెప్పిన ఆవిడ మాటను ఆందోళనగా కొట్టిపారేయడం తగ్గలేదు.

మీరు షుగరు చూసి మంచి పని చేశారు. చల్లని చెమటలు పట్టినప్పుడు షుగరు పడిపోయిందేమోనన్న అనుమానం రావాలి. 190 ఉందంటే అది కాదని తేలింది; ఆ తర్వాత అనుమానించవలసింది గుండెనే.

ప్ర: ఇంట్లో ఎవరికైనా గుండెపోటు అని అనుమానం వస్తే అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలి? గట్టిగా దగ్గుతూ ఉంటే ప్రాణం నిలుస్తుందని ఫోన్‌లో సందేశాలు వస్తున్నాయి.

జ: దగ్గు సంగతి మొదట తేల్చేద్దాం. గుండె లయ తప్పినప్పుడు, మానిటర్ చూస్తూ పక్కనే వైద్యుడు ఉన్న క్యాథ్‌ల్యాబ్‌లో కొన్ని క్షణాల కోసం పనికివచ్చే చిట్కా అది. ఇంట్లో దానివల్ల ప్రయోజనం లేదు, దాన్ని నమ్ముకుని ఫోన్ చేయడం ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది.

ముందుగా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. విశ్రాంతిగా కూర్చున్నా అయిదు నిమిషాల్లో తగ్గని నొప్పికి, పెద్దబ్బాయి వచ్చాక చూద్దామనో తెల్లారనిద్దామనో ఆగకూడదు. ఆసుపత్రిలో నిమిషాలు లెక్కపెట్టే మేము, ఇళ్లలో పోయిన గంటల్ని వెనక్కి తేలేం. సొంతంగా బండి నడుపుకుంటూ బయలుదేరవద్దు. గుండెపోటులో తొలి గంటలో మరణాలు ఎక్కువగా జరిగేది గుండె పంపింగ్ బలహీనపడి కాదు, వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం వల్ల. దానికి షాక్ ఇవ్వాలి, ఆ యంత్రం అంబులెన్స్‌లో ఉండే అవకాశం ఉంది. ఒకవేళ మనిషి పడిపోయి, పిలిచినా పలకక, శ్వాస లేక, లేదా ఎగశ్వాస మాత్రమే ఉంటే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ, సహాయం అందేదాకా ఆపకుండా ఉండాలి.

ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు నుంచి రక్తం పోతున్నవారు కాకపోతే, 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగించవచ్చు. నమలడమే ముఖ్యం, నమలకుండా మింగితే పని మొదలవడానికి ఆలస్యమవుతుంది. అయితే నొప్పి చీల్చినట్టుగా ఒక్కసారిగా మొదలై వీపులోకి పాకితే, లేదా మాట తడబడి, చెయ్యి కాలు పడిపోతే ఆస్పిరిన్ ఇవ్వకండి. మొదటిది మహాధమని గోడ చీలడం, రెండోది పక్షవాతం కావచ్చు. నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రను వైద్యుడు ముందే రాసిచ్చి ఉంటేనే, అదీ కూర్చోబెట్టి ఇవ్వాలి. బీపీ తక్కువగా ఉన్నవారికి, సిల్డెనాఫిల్ వేసుకుని ఒక రోజు గడవనివారికి, టడలాఫిల్ అయితే రెండు రోజులు గడవనివారికి దాన్ని ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. బిడియం వల్ల మగవారు ఈ మాత్రల సంగతి దాస్తారు, కాబట్టి ఇంట్లోవాళ్లను బయటకు పంపి అడగడం వైద్యుల బాధ్యత. డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజెక్షన్లు చేయించకండి, అవి గుండెపోటులో హాని చేస్తాయి.

ప్ర: స్టెంటు వేసి అయిదు నెలలైంది. ఆస్పిరిన్, టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్ వాడుతున్నాను. పన్ను తీయాలి, రక్తం పలుచన చేసే మాత్రలు వారం ఆపమన్నారు. చెడు కొలెస్టరాల్ (ఎల్‌డీఎల్) కూడా 60కి వచ్చింది కాబట్టి స్టాటిన్ మానేయవచ్చా?

జ: రెండూ మానవద్దు. గుండెపోటు తర్వాత ఆస్పిరిన్, టికాగ్రెలార్ మాత్రలు రెండింటినీ కలిపి మామూలుగా ఏడాది వాడతారు. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి అంతకన్నా ముందే ఒకదాన్ని ఆపవచ్చు గానీ, ఆ నిర్ణయం మీ గుండె వైద్యుడిది. ఇప్పుడు రెండింటినీ ఒకేసారి ఆపితే స్టెంటులో గడ్డ కట్టవచ్చు, అది కొత్త గుండెపోటే. ఒకటి రెండు పళ్లు తీయడానికి సాధారణంగా ఈ మాత్రలు ఆపనక్కర్లేదు. గాయం మీద గాజుగుడ్డతో అదిమిపెట్టి, అవసరమైతే కుట్టు వేసి రక్తాన్ని ఆపవచ్చు. మీ పళ్ల డాక్టరును గుండె వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడమని అడగండి. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, రాత్రి మోతాదు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. అది వాడేవారిలో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. అప్పుడు కూడా మీ అంతట మీరు ఆపకుండా వైద్యుడికి చెబితే వేరే మాత్రకు మారుస్తారు.

ఎల్‌డీఎల్ 60 అన్నది స్టాటిన్ వాడితే వచ్చిన అంకె, మానేస్తే కొన్ని వారాల్లో పాత అంకె తిరిగి వస్తుంది. పైగా గుండెపోటు వచ్చినవారికి లక్ష్యం 55 కన్నా తక్కువ. మీకు ఇంకొంచెం తగ్గవలసి ఉంది. కొలెస్టరాల్ తగ్గించే మరో మాత్ర ఎజెటిమైబ్ కలపాలేమో వచ్చే పరీక్షప్పుడు అడగండి.

ప్ర: నాకు కిడ్నీ జబ్బు ఉంది, డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఎప్పుడు పరీక్షించినా ట్రోపోనిన్ ఎక్కువే ఉంటోంది. ప్రతిసారీ గుండెపోటేనా?

జ: కాదు. కిడ్నీ జబ్బులో ట్రోపోనిన్ ఎప్పుడూ కొంత ఎక్కువగానే ఉండవచ్చు. ఊపిరితిత్తుల్లో గడ్డ, తీవ్రమైన ఇన్ఫెక్షన్, గుండె కండరాల వాపు వంటి వాటిలోనూ పెరుగుతుంది. కొన్ని గంటల తేడాతో చేసిన రెండు పరీక్షల్లో అంకె మారకుండా ఉంటే అది పాత సంగతి. స్పష్టంగా పెరిగో తగ్గో, దానికి లక్షణాలో ఈసీజీ మార్పులో తోడైతేనే గుండెపోటు అంటారు. ఒంట్లో బాగున్నప్పటి ట్రోపోనిన్ రిపోర్టు ఒకటి జాగ్రత్త చేసుకోండి, అత్యవసరంలో పోల్చి చూడడానికి పనికివస్తుంది.

ప్ర: నాకు 41 ఏళ్లు. గుండెపోటు అని చేర్చారు, ట్రోపోనిన్ పెరిగింది, యాంజియోగ్రామ్‌లో మాత్రం అడ్డంకులేమీ లేవన్నారు. అయితే నాకు వచ్చింది గుండెపోటు కాదా?

జ: అడ్డంకి కనబడలేదంటే జబ్బు లేదని కాదు, కారణం ఇంకా తేలలేదని. నాళం బిగుసుకుపోయి తిరిగి వదిలి ఉండవచ్చు, గడ్డ కట్టి కరిగిపోయి ఉండవచ్చు. మీ వయసు స్త్రీలలో నాళం గోడ పొరలు వాటంతట అవే విడిపోవడం కూడా ఉంది. యాంజియోగ్రామ్‌ను ఆ దృష్టితో మళ్లీ చూస్తేగానీ అది కనిపించదు. తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత గుండె కొన భాగం తాత్కాలికంగా బలహీనపడే టాకోట్సుబో, వైరస్ వల్ల వచ్చే కండరాల వాపు కూడా అచ్చం గుండెపోటులాగే కనిపిస్తాయి. ఒక్కోదానికి మందులు వేరు కాబట్టి, గుండెకు ఎంఆర్ఐ చేయించవలసిందిగా అడగండి; నొప్పి వచ్చిన రెండు వారాల్లోపు తీస్తే దానితో కారణం తేలే అవకాశం ఎక్కువ.